పిట్టబొమ్మ చెప్పిన నిజం

మా కుటుంబంలో ముగ్గురు పెద్దవాళ్ళకి ఒకే జబ్బని పేరు పడింది. ముగ్గురిదీ ఒకే జబ్బు కాదని తెలిసేసరికి మాకు చాలా ఏళ్ళు పట్టింది. అంత తెలివితక్కువా అని నవ్వకండి. ఆ తేడా కనిపెట్టడానికి వైద్యశాస్త్రానికే నూట యాభై ఏళ్ళు పట్టింది మరి!

మొదటివారు మా పెద్దమామయ్య. కాఫీ గ్లాసు ఎత్తబోయారంటే చాలు, చెయ్యి గడగడా ఒణికేది. "సగం గ్లాసే పొయ్యవే అమ్మాయ్, మిగతా సగం నా పంచె తాగుతోంది" అని ఆయనే నవ్వేవారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే మాత్రం ఒణుకన్నది లేదు. వాళ్ళ నాన్నగారికీ అంతేనట. ఆ ఒణుకుతోనే ఎనభై అయిదేళ్ళు బతికి, చివరిదాకా తన పని తానే చేసుకున్నారు.

రెండవది మా దొడ్డమ్మ. ధనుర్మాసం వచ్చిందంటే ఆవిడ ముగ్గు చూడడానికి పక్క వీధివాళ్ళు కూడా వచ్చేవారు. ఒక ఏడాది ఎందుకో ముగ్గు చిన్నదయింది. చుక్కల సంఖ్య అదే, కాని చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం తగ్గింది. మరుసటేడు ఇంకా తగ్గింది. ఆ తర్వాత గమనిస్తే, ఊరికే కూర్చున్నప్పుడు ఆవిడ కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి రాసుకుంటూ కదులుతుండేవి. "దొడ్డమ్మ పత్తి లేకుండా వత్తులు చేస్తోంది" అనేవాళ్ళు పిల్లలు. గ్లాసు ఎత్తబోతే ఆ కదలిక కాస్తా ఆగిపోయేది. మా మామయ్యకి సరిగ్గా తలకిందులు! మాత్రలు మొదలుపెట్టిన కొద్దివారాలకే దొడ్డమ్మ మళ్ళీ లేచి గబగబా తిరగడం నాకు బాగా గుర్తు.

మూడవవారు మా అత్తగారు. ఆవిడకి అసలు ఒణుకే లేదు. 1998లో ఒకరోజు పెరట్లో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే వెనక్కి పడిపోయారు. కాలు జారలేదు, కళ్ళు తిరగలేదు. నెల తిరగకుండా మళ్ళీ పడ్డారు. నడక బిగుసుకుపోయింది, మాట ముద్దగా వచ్చేది, ముఖంలో నవ్వు తగ్గింది. డాక్టరుగారు చూసి "పార్కిన్సన్" అన్నారు. దొడ్డమ్మ వేసుకునే మాత్రలే వ్రాసిచ్చారు. మోతాదు పెంచారు, మళ్ళీ పెంచారు. దొడ్డమ్మకి అమృతంలా పనిచేసిన మందు అత్తగారికి మంచినీళ్ళలా దిగిపోయింది.

ఇంతకంటే నాకు కష్టంగా ఉండేది మరొకటి ఉంది. అన్నం తినేటప్పుడు మెతుకులన్నీ చీరెమీదే! మనిషి ఎదురుగా గోడకేసి చూస్తూ తింటారు. మడీ శుభ్రమూ అంటూ నన్ను దిద్దిన ఆవిడే ఇలా చేస్తుంటే నాకు ఒళ్ళుమండేది. "కాస్త కంచంకేసి చూసి తినకూడదా, అత్తయ్యగారూ!" అన్నాను ఒకరోజు, కొంచెం గట్టిగానే. ఆవిడ ఏమీ అనలేదు. ఆ మాట నాకిప్పటికీ వినిపిస్తుంది.

సరే, మా ఇంటి కథ అక్కడ ఆపి, అసలు కథకి వద్దాం. అది రెండువందల ఏళ్ళ నాటిది.

లండన్ నగరంలో హాక్స్‌టన్ అనే పేట. అక్కడ జేమ్స్ పార్కిన్సన్ అని ఒక వైద్యుడు ఉండేవాడు. తండ్రి చేసిన వైద్యమే తనూ చేస్తూ, తీరిక దొరికితే పూర్వకాలపు శిలాజాలు ఏరి దాచుకుంటూ, మధ్యమధ్య మారుపేరుతో ప్రభుత్వాన్ని విమర్శించే కరపత్రాలు వ్రాస్తూ కాలం గడిపినవాడు. 1817లో ఆయన ఒణుకు జబ్బు మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. అందులో వర్ణించింది ఆరుగురిని. వారిలో ముగ్గురు వీధిలో కనబడ్డవారే! ఒకరినైతే దూరంనుంచి చూడడమేగాని పలకరించింది కూడా లేదు. అయినా ఆ చూపు ఎంత నిశితమైనదో చూడండి: విశ్రాంతిగా ఉన్నప్పుడే వచ్చే ఒణుకు, ముందుకు వంగిపోయే నడుము, నడక కాస్తా పరుగైపోవడం - ఇవన్నీ పట్టుకున్నాడు. ఈ జబ్బుకి మూలం మెడదగ్గరి వెన్నుపాములో ఉండవచ్చునని ఊహించాడు. ఆ ఊహ మాత్రం తప్పింది. మెదడు కోసి చూసే అవకాశం ఆయనకి దొరకలేదు పాపం.

ఆయన పుస్తకాన్ని యాభై ఏళ్ళపాటు పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు. దాన్ని వెలుగులోకి తెచ్చి, జబ్బుకి ఆయన పేరే పెట్టినవాడు పారిస్‌లోని షార్కో. షార్కో పనిచేసిన సాల్‌పెట్రియే ఆస్పత్రి ఒకప్పుడు తుపాకిమందు కర్మాగారం. తర్వాత అది దిక్కులేని ఆడవాళ్ళని, ముసలివాళ్ళని వేలసంఖ్యలో చేర్చుకున్న ఆశ్రమమైంది. నరాల జబ్బుల గురించి ఈనాడు ప్రపంచానికి తెలిసినదానిలో చాలా భాగం ఆ పేరులేని పేద స్త్రీలను చూసి నేర్చుకున్నదేనంటే అతిశయోక్తి కాదు.

షార్కోకి వచ్చిన సందేహం సరిగ్గా మన సందేహమే: ఒణికే వాళ్ళందరిదీ ఒకే జబ్బా? పాఠం చెప్పేటప్పుడు రోగుల తలలకి పొడుగాటి ఈకలున్న టోపీలు పెట్టించేవాడట. తల ఏమాత్రం కదిలినా ఈక ఊగుతుంది. ఏ ఒణుకు ఎలాంటిదో వెనక బెంచీలవాళ్ళకి కూడా కనిపిస్తుంది. ఊరికే ఉన్నప్పుడు వచ్చే ఒణుకు వేరు, ఏదైనా అందుకోబోతే వచ్చే ఒణుకు వేరు అని ఆయన విడదీసి చూపాడు. అసలు ఒణుకే లేకుండా కూడా ఈ జబ్బు రావచ్చునన్నాడు. 1888లో ఒక రోగిని చూపించి, ఇతను అందరిలా ముందుకు వంగలేదు, మెడా వెన్నూ నిటారుగా బిగుసుకుపోయాయి, గమనించండన్నాడు. ఆ వర్ణన చదివిన తర్వాతి కాలపు వైద్యులు కొందరు, "ఇతనిది పార్కిన్సన్ జబ్బు కాదేమో!" అన్నారు. అది చదివినప్పుడు నాకు వెన్ను వంచకుండా వెనక్కి పడిపోయిన మా అత్తగారే కళ్ళముందు మెదిలారు.

జబ్బు స్థానం దొరకడానికి మరికొన్నేళ్ళు పట్టింది. మెదడు నడిమి భాగంలో, రెండు పక్కలా, నల్లటి చారలాంటి పదార్థం ఉంటుంది. ఒణుకు జబ్బుకి మూలం అక్కడుందని 1895లో బ్రిసో ఊహిస్తే, 1919లో ట్రెటియాకాఫ్ అనే యువవైద్యుడు చనిపోయిన రోగుల మెదళ్ళు పరీక్షించి, అందులోని నల్లకణాలు నశించాయని చూపాడు. అయితే ఆ కణాలు చేసే పనేమిటి?

ఇక్కడే మన దేశపు మొక్కలు రెండు కథలోకి వస్తాయి. ఒకటి రక్తపుపోటుకీ పిచ్చికీ మనవాళ్ళు వాడిన సర్పగంధ. దానినుంచి తీసిన రిసర్పిన్ అనే మందుని 1957లో స్వీడన్‌లో కార్ల్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు కుందేళ్ళకి ఇచ్చాడు. అవి చెవులు వాల్చేసి, కదలకుండా పడిపోయాయి. తర్వాత డోపా అనే పదార్థం ఎక్కించాడు. కాసేపట్లో కుందేళ్ళు చెవులు నిక్కబొడుచుకుని లేచి తిరిగాయి! మెదడులో డోపా నుంచి తయారయ్యే డోపమిన్ లేకపోతే కదలిక లేదని తేలింది. ఈ కృషికే 2000 సంవత్సరంలో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది.

రెండో మొక్క దూలగొండి. అవునండీ, తాకితే ఒళ్ళంతా దురదలెక్కించే దూలగొండే! కంపవాతానికి మన ఆయుర్వేద వైద్యులు దాని గింజలు వాడేవారు. ఆ గింజల్లో డోపా ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు దాన్ని వేరుచేసి మరీ చూపారు. ఆ పదార్థంతో ఒణుకు జబ్బువాళ్ళు లేచి నడుస్తారని అప్పటికి ఎవరికీ తట్టలేదు.

1960లో వియన్నాలో హార్నికీవిచ్, పార్కిన్సన్ రోగుల మెదళ్ళలో డోపమిన్ ఎండిపోయిందని కనుక్కున్నాడు. మరుసటేడే బిర్క్‌మేయర్‌తో కలిసి రోగులకి డోపా ఇంజక్షన్లు ఇప్పించాడు. మంచం దిగలేనివాళ్ళు లేచి నడిచారు. 1967లో అమెరికాలో కోట్‌జియాస్, నోటి ద్వారా పెద్ద మోతాదుల్లో ఇచ్చే పద్ధతి స్థిరపరిచాడు. మా దొడ్డమ్మ మాత్ర ఆ వంశానిదే.

మంచి మందు దొరికిందిగదా, ఇక చిక్కేముందంటారా? చిక్కు అప్పుడే బయటపడింది. కొందరికి మందు పనిచెయ్యలేదు.

దాని కారణం ఒక ఉపమానంతో చెబుతాను. డోపమిన్ ఉత్తరంలాంటిది అనుకోండి. పార్కిన్సన్ జబ్బులో ఉత్తరం వ్రాసేవాడు పోయాడు. అందుకునేవాడు ఇంట్లోనే ఉన్నాడు. కాబట్టి డోపా మాత్రతో మనం ఉత్తరం పంపితే పని నడుస్తుంది. ఇంకొన్ని జబ్బుల్లో వ్రాసేవాడితోపాటు అందుకునేవాడు కూడా ఇల్లు ఖాళీచేసి పోతాడు. ఇక ఎన్ని ఉత్తరాలు వేసి ఏం లాభం?

అలాంటి జబ్బుల్లో ఒకదాన్ని కెనడాలో టొరంటో వైద్యుడు రిచర్డ్‌సన్ తన స్నేహితుడిలోనే చూశాడు. ఆయన వ్యాపారంలో పెద్ద ఉద్యోగి. నడకలో తడబాటు, చూపులో ఏదో ఇబ్బంది, మరుపు. అలాంటివాళ్ళు మరికొందరు కనబడ్డారు. అందరిలోనూ కళ్ళు పైకీ కిందికీ తిప్పడం కష్టమయ్యేది. 1964లో రిచర్డ్‌సన్, స్టీల్, ఓల్జెవ్‌స్కీ ముగ్గురూ కలిసి ఇది వేరే జబ్బని వ్రాశారు. దాన్ని ఇప్పుడు పి.ఎస్.పి. అంటున్నారు. అంతకుముందే 1960లో షై, డ్రాగర్ అనే ఇద్దరు ఇంకొకదాన్ని వర్ణించారు. అందులో లేచి నిలబడితే రక్తపుపోటు పడిపోతుంది, మూత్రం అదుపు తప్పుతుంది. అలాంటివన్నీ కలిపి 1969లో ఎం.ఎస్.ఎ. అనే పేరు పెట్టారు.

పేర్లయితే పెట్టారుగాని, మొదటి రెండు మూడేళ్ళలో ఇవన్నీ అక్కచెల్లెళ్ళలా ఒకే పోలికతో ఉంటాయి. ఎవరు ఎవరో చెప్పడం ఎంత కష్టమో 1992లో లండన్ వైద్యులు నిర్మొహమాటంగా ఒప్పుకున్నారు. బతికుండగా పార్కిన్సన్ అని పేరు పడినవాళ్ళ మెదళ్ళు నూరు తీసుకుని సూక్ష్మదర్శినిలో చూస్తే, నిజంగా ఆ జబ్బు ఉన్నవి 76. అంటే ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి పేరు తప్పు! ఈ నిజం తెలుసుకునేందుకు చనిపోయాక మెదడు ఇచ్చిన ఆ నూరుగురికీ మనం ఋణపడి ఉన్నాం. కాని నిజం పోయాక తెలిస్తే ఎవరికి ఉపయోగం? బతికుండగానే, అదీ తొలిరోజుల్లోనే మెదడులోకి తొంగిచూడడం ఎలా?

ఒకప్పుడు మెదడు ఫోటో తియ్యాలంటే వెన్నులో సూది గుచ్చి గాలి ఎక్కించేవారు. భరించలేని తలనొప్పితో రోగి విలవిల్లాడేవాడు. 1971 అక్టోబరు 1న లండన్ దగ్గర ఒక ఆస్పత్రిలో ఒక స్త్రీ తలని, హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు తయారుచేసిన కొత్త యంత్రంలో పెట్టారు. గాలీ లేదు, సూదీ లేదు. ఎక్స్‌రేలు తల చుట్టూ తిరిగితే కంప్యూటరు లెక్కకట్టి పొరలుపొరలుగా బొమ్మ గీసింది. అదే సి.టి. స్కాన్. ఇది గడ్డల్నీ రక్తస్రావాన్నీ చూపింది. కాని ఒణుకు జబ్బు దగ్గర "అంతా బాగానే ఉంది" అని ఊరుకునేది. ఎండిపోయిన డోపమిన్ ఎక్స్‌రేకి ఎలా కనబడుతుంది?

1973లో లాటర్‌బర్ దారి చూపిన ఎమ్.ఆర్.ఐ. వచ్చాక, అయస్కాంతంతో మెదడు నడిమి భాగాన్ని కూడా స్పష్టంగా చూడగలిగారు. చూసినవాళ్ళకి అందులో బొమ్మలు కనబడడం మొదలైంది. పి.ఎస్.పి.లో నడిమెదడు చిక్కిపోతుంది, దాని కింది ఉబ్బు మాత్రం నిలిచి ఉంటుంది. పక్కనుంచి తీసిన చిత్రంలో అది సన్నని పొడుగు ముక్కుతో హమ్మింగ్‌బర్డ్ పిట్టలా ఉంటుంది, మన తేనెపిట్టలాగే అనుకోండి. ఎం.ఎస్.ఎ.లో కొందరికి ఆ కింది ఉబ్బులో తెల్లటి శిలువ గుర్తు పడుతుంది. ఇంగ్లీషువాళ్ళు గుడ్‌ఫ్రైడేకి తినే బన్నుమీద అలాంటి గీతలే ఉంటాయి. ఆ గుర్తుకి ఆ బన్ను పేరే పెట్టారు. 2014లో నాటింగ్‌హామ్ వైద్యులు ఎమ్.ఆర్.ఐ.లోనే చూసి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నల్లపదార్థంలో ఒక పిట్ట తోకలాంటి ఆకారం ఉంటుందనీ, పార్కిన్సన్‌లో అది చెరిగిపోతుందనీ అన్నారు. వంటింట్లో, పెరట్లో కనిపించేవే మెదడులోనూ కనబడ్డాయన్నమాట.

అయితే ఆకారం మారేదాకా ఆగాలంటే ఆలస్యం అవుతుంది. ఆకారం మారకముందే పనిలో తేడా పట్టుకోవాలి. 1983లో కెనడాలో గార్నెట్ బృందం, కొద్దిపాటి కిరణాలు వెదజల్లే డోపాని ఎక్కించి, బతికున్న మనిషి మెదడులో అది ఎక్కడ చేరుతుందో మొదటిసారి బొమ్మ తీసింది. తర్వాత డోపమిన్ కణాల కొసల్ని చూపే స్కాన్ వచ్చింది. దాన్ని ఐరోపాలో 2000లో, అమెరికాలో 2011లో అనుమతించారు. ఆరోగ్యంగా ఉంటే బొమ్మలో రెండు కామాలు కనిపిస్తాయి. జబ్బుంటే కామా తోక రాలిపోయి చుక్క మిగులుతుంది. మా మామయ్యలాంటి వాళ్ళకి కామాలు చెక్కుచెదరవు. అంటే అది పార్కిన్సన్ కాదు. కాని పార్కిన్సన్‌కీ, పి.ఎస్.పి.కీ, ఎం.ఎస్.ఎ.కీ మధ్య ఈ బొమ్మ తేడా చెప్పలేదు. మూడింటిలోనూ చుక్కే!

దానికి మరొక ఉపాయం పన్నారు. మెదడుకి తిండి చక్కెర. ఏ భాగం ఎంత చక్కెర తింటోందో చూస్తే ఏ పొయ్యి మండుతోందో, ఏది ఆరిందో తెలుస్తుంది. ఒక్కొక్క జబ్బుకి ఒక్కొక్క తీరులో పొయ్యిలు ఆరతాయి. న్యూయార్క్‌లో ఐడెల్‌బర్గ్ బృందం ఈ తీరులని కంప్యూటరుకి నేర్పింది. ఏ జబ్బో తేలని 167 మందికి స్కాన్ తీసి, తర్వాత నిపుణులు రెండేళ్ళకి పైగా వాళ్ళని గమనించి తేల్చినదానితో పోల్చింది. కంప్యూటరు ముందే చెప్పింది చాలామందిలో నిజమైందని 2010లో ప్రకటించారు. ఇంజక్షన్ కూడా అక్కర్లేకుండా, ఎమ్.ఆర్.ఐ.లో మెదడు కణజాలంలో నీళ్ళు ఎటు కదులుతున్నాయో కొలిచి ఈ జబ్బుల్ని విడదీసే పద్ధతిని ఫ్లోరిడాలో వైలన్‌కోర్ట్ బృందం తయారుచేసింది. 21 వైద్యకేంద్రాల్లో 249 మంది మీద పరీక్షిస్తే బాగా పనిచేసిందని 2025లో వెల్లడించారు.

ఇవేవీ డాక్టరు కంటికి బదులు కావు. రోగిని నడిపించి, కూర్చోబెట్టి, కళ్ళు తిప్పించి చూసే పని ఎప్పుడూ ఉంటుంది. వీధిలో నడిచిపోయేవాణ్ణి చూసి జబ్బు పట్టుకున్న పార్కిన్సన్ పద్ధతి పాతబడలేదు. ఆ చూపుకి సందేహం వచ్చినచోట బొమ్మ తోడొస్తుంది, అంతే.

"జబ్బు నయం కానప్పుడు పేరు ముందు తెలిస్తే ఏమిటి, వెనక తెలిస్తే ఏమిటి?" అని మావారే ఒకసారి అన్నారు. దానికి జవాబు మా ఇంట్లోనే ఉంది.

2004లో అత్తగారిని హైదరాబాదు తీసుకెళ్ళాం. అప్పటికి ఆరేళ్ళుగా ఆ మాత్రలే మింగుతున్నారు. అక్కడ ఒక చిన్నవయసు డాక్టరమ్మ, ఆవిడ ఎదుట వేలు పెట్టి పైకీ కిందికీ కదిపింది. అత్తగారి కళ్ళు కదలలేదు. ఎమ్.ఆర్.ఐ. తీయించి, ఆ ఫిల్ము దీపానికి ఎదురుగా పెట్టి, "ఇందులో పిట్ట కనిపిస్తోందా అమ్మా?" అని నన్నడిగింది. ముక్కు, తల, పొట్ట - అచ్చం పిట్టే. చూడముచ్చటగా కూడా ఉంది. అది ఏమిటో చెప్పాక నాకు నోట మాట రాలేదు.

"ఆవిడ కంచంకేసి చూడకపోవడం కాదమ్మా, చూడలేరు" అంది ఆ అమ్మాయి.

మందు తగ్గించేశారు. పీటమీద పీట వేసి కంచం ఎత్తుగా, చూపుకి ఎదురుగా పెట్టమన్నారు. గుమ్మాల దగ్గర పరిచిన పట్టాలు తీసేయించారు. మంచినీళ్ళు గొంతుకి అడ్డం పడుతుంటే గుటక గుటకగా, కాస్త చిక్కటివే ఇవ్వమన్నారు. ఒంటరిగా లేవనివ్వవద్దన్నారు. నయం చేసేది ఇందులో ఒక్కటీ లేదు. కాని ఆ రాత్రి ఎత్తు పీటమీద కంచం పెడితే, అత్తగారు ఒక్క మెతుకు చీరెమీద పడకుండా పెరుగన్నం తిన్నారు. ఆరేళ్ళ ముందే ఆ పిట్ట మాకు కనబడి ఉంటే, ఆవిడ ఆరేళ్ళూ అలాగే గౌరవంగా తినేవారు కదా!

ఆవిడ చెయ్యి కడుగుతూ, ఉండబట్టలేక అడిగాను. "కిందికి కనిపించడం లేదని మాకు ఎందుకు చెప్పలేదు, అత్తయ్యగారూ?"

ఆవిడ చాలాసేపు మాట కూడదీసుకున్నారు. "చెప్పానుగా అమ్మాయ్! కళ్ళజోడు మార్పించమని మూడుసార్లు అడిగాను."

నిజమే, అడిగారు. మూడుసార్లూ మార్పించాం కూడా. ఆ అడగడమే జబ్బు పేరు చెప్పడమని మాకు తెలియలేదు. అత్తగారు 2006లో పోయారు. ఆ మూడు కళ్ళజోళ్ళూ ఇప్పటికీ నా బీరువాలోనే ఉన్నాయి.